పోర్ సాన్ బ్రీస్ గట్టు

కాత్యాయనికి ఒక జబ్బుంది. మందులేని జబ్బు. తనవాళ్ళెవరైనా ఏదైనా ఊళ్ళో నాలుగు రోజులు ఉండబోతున్నారంటే చాలు, ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి బుర్రకెక్కించుకునేదాకా ఆవిడకు అన్నం సహించదు. మొగుడు సుధాకరరావును బ్యాంకువాళ్ళు వారంరోజుల పనిమీద జకార్తా పంపితే, ఆ నగరం ఏటా ఎంత కుంగుతోందో, సముద్రం ముందు ఏ పేటలోకి వస్తుందో, ఆయన సూట్‌కేసు సర్దుతూనే అప్పజెప్పింది. "నేను మీటింగుకి వెళ్తున్నానే బాబూ, మునగడానికి కాదు" అని ఆయన మొత్తుకున్నాడు. అయినా మొత్తం విన్నాకే గడప దాటనిచ్చింది.

అలాంటి మనిషి కూతురు ఫ్రాన్సులో ఏటి ఒడ్డున ఒక పిసరంత పల్లెలో ఆరునెలలు ఉండటానికి బయల్దేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఉజ్వల సింగపూర్లో ఆర్కిటెక్చరు మూడో ఏడు చదువుతోంది. పాతకాలపు రాతి ఇళ్ళు బాగుచేయడం నేర్చుకోవడానికి పోర్ సాన్ బ్రీస్ అనే ఊరికి పంపుతున్నారని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. అన్నం ప్లేటు ఇంకా సగం ఖాళీ కాకముందే తల్లి మ్యాపు తెరిచింది.

కాత్యాయని పుట్టింది గోదావరి పాయల మధ్య ఒక లంకలో. ఎనభై ఆరు వరదకి ఆవిడ చిన్నపిల్ల. ఊరంతా పశువుల్ని తోలుకుని ఏటిగట్టు మీదికి చేరితే, అక్కడే తాటాకుల కింద వండుకుని తిని, అక్కడే పడుకుని, కింద తమ ఇంటి కప్పు మాత్రమే కనబడుతుంటే చూస్తూ కూర్చుంది. పెద్దయ్యాక ముక్తేశ్వరంలో సోషల్ టీచరయింది. పెళ్ళయి సింగపూరొచ్చాక ఒక ట్యూషన్ సెంటర్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు సెంబవాంగ్‌లోని తన ఫ్లాటులోనే, డైనింగ్ టేబుల్ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి జాగ్రఫీ చెబుతోంది. నది ఎక్కడ కోస్తుంది, ఎక్కడ ఒండ్రు దింపుతుంది, లెవీ అనే ఏటికట్ట ఎలా ఏర్పడుతుంది, ఇవన్నీ రోజూ ఇంగ్లీషులో వల్లెవేయించే మనిషి. తెలుగులో మాట్లాడేది మొగుడితో, పక్క ఫ్లాటు మాజిదాతో, వినే ఓపిక ఉన్నప్పుడు కూతురితో.

ఇక పోర్ సాన్ బ్రీస్ సంగతి. అది లువార్ నది ఒడ్డున ఉంది. లువార్ అంటే మన గోదావరిలాగే ఇసుక మేటలూ, లంకలూ ఉన్న బద్ధకపు ఏరు. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు, కోపమొస్తే ఒళ్ళు తెలియదు. ఎప్పుడో కొందరు సన్యాసులు అక్కడ ఒక ఇసుక దిబ్బ మీద చర్చి కట్టుకుని పడవ రేవు నడిపారు. ఆ రేవు చుట్టూ ఊరు పెరిగింది. ఉప్పు, ద్రాక్షసారా, కొండ తొలిచి తీసిన తెల్లరాయి, అన్నీ ఆ రేవులో ఎక్కి ఆ రేవులోనే దిగేవి. వరదలకి తట్టుకోలేక తరతరాలుగా మట్టి పోసి, రాళ్ళు పేర్చి నది పొడవునా పెద్ద కట్ట కట్టుకున్నారు. ఊరి అసలు వీధి ఆ కట్ట మీదే ఉంది. ఇంత కట్టినా పద్దెనిమిది వందల యాభై ఆరులో నది ఒకసారి వచ్చి చూసిపోయింది. ఎంతదాకా వచ్చిందో చర్చి గోడ మీద గీత చెక్కి పెట్టారు. ఆ తర్వాత రైలొచ్చింది, పడవలు మూలపడ్డాయి, పడుచువాళ్ళు పట్నాలు పట్టిపోయారు. మిగిలింది కొన్ని తెల్లరాతి ఇళ్ళు, ఒక రొట్టెల కొట్టు, ముసలివాళ్ళు.

కాత్యాయనికి అసలు భయం పెద్ద ఏరుతో కాదు. కట్టకు వెనకవైపు దిగితే ఒక పెద్ద పచ్చికబీడు. దాని మధ్య ఒక చిన్న ఏరు పారి, ఊరు దాటాక లువార్‌లో కలుస్తుంది. బీడుకి అవతల ద్రాక్షతోటలున్న కొండ. ఆ బీడుని అక్కడివాళ్ళు 'ను' అంటారు. ఆ మాటకి అర్థం వెతికితే, నీరు నిలిచే పల్లం అని తేలింది. సరిగ్గా ఆ పల్లంలోనే, ఈమధ్య కట్టిన ఇళ్ళ వరసలో, ఉజ్వల చవగ్గా గది తీసుకుంది.

"పల్లంలో ఇల్లెందుకు తీసుకున్నావే?" అని ఆ రోజు ఫోన్లో గయ్యిమంది కాత్యాయని.

"రివర్ చాలా దూరం మా. కనబడదు కూడా. చిల్ లా."

"కనబడే ఏటితో భయం లేదే. పెద్ద ఏరు నిండితే చిన్న ఏరు అందులో కలవలేక వెనక్కి తంతుంది. నీళ్ళు నీ పెరట్లోంచి వస్తాయి."

"ఓకే మా, ఓకే మా," అంది ఉజ్వల. అంటే వినలేదని అర్థం. కూతురి భాష ఆమాత్రం తల్లికి తెలుసు.

ఫిబ్రవరిలో చైనావాళ్ళ కొత్త సంవత్సరం సెలవులొచ్చాయి. ట్యూషన్లు లేవు, సుధాకరరావు ఇంట్లోనే ఉన్నాడు. ఫ్రాన్సులో మాత్రం వారంగా ఒకటే వాన. ఆ ఏటి మట్టం గంటగంటకీ చూపించే సైటొకటి కాత్యాయని పట్టింది. పండగపూట పక్కవాళ్ళు కమలాపళ్ళు తెచ్చిస్తే ఒక చేత్తో అందుకుంటూ రెండో చేత్తో ఫోన్లో గీత ఎంత పెరిగిందో చూసుకుంది. వాళ్ళేమనుకున్నారో ఏమో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ మోగింది. అక్కడ అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

"మా, సైరన్ మోగింది. కరెంటు లేదు. ల్యాండ్‌లేడీ వాళ్ళ కూతురింటికి వెళ్ళిపోయింది, నేనూ హ్వీ మిన్నే ఉన్నాం." హ్వీ మిన్ ఉజ్వలతోపాటు సింగపూర్నించి వెళ్ళిన పిల్ల, ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. "గార్డెన్లో నీళ్ళొచ్చేశాయి. హ్వీ మిన్ కారు తీసింది, ఎక్కేశాం. బ్యాటరీ లేదు మా, కట్ అయిపోతుంది. ఎటు పోవాలి?"

కాత్యాయని బుర్ర చకచకా పనిచేసింది. ఆ ఇంటి ముందునించి దారులు రెండు. ఒకటి బీడుకి అడ్డంగా వెళ్ళి అవతలి కొండెక్కుతుంది. రెండోది ఇటు తిరిగి, నది వైపే వెళ్ళి కట్ట మీదికి చేరుతుంది. పెద్ద ఏరు పొంగిందంటే ఎవరైనా దానికి దూరంగా, కొండవైపే పరిగెడతారు. కానీ ఆ బీడు దారే ఊళ్ళోకెల్లా లోతు. వెనక్కి తన్నిన చిన్న ఏరు ముందు ఆ దారినే మింగుతుంది. కట్ట మీద ఉన్నవాళ్ళు బతుకుతారు. లంకలో పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

"గట్టు మీదికి పొండే! గట్టు! వింటున్నావా, గట్టెక్కేయండి!"

"గట్టు... ఓకే. గట్టు కదా, ఓకే మా..."

ఫోన్ తెగిపోయింది.

కాత్యాయని కుర్చీలో కూలబడి, చెమట తుడుచుకుంది. చెప్పాల్సింది చెప్పింది, పిల్ల విన్నది, తిరిగి పలికింది కూడా. సుధాకరరావు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "గట్టు చేరితే ఇంకేం ఫర్లేదు కదా?" అన్నాడు. ఆయనా గోదావరి జిల్లావాడే. "ఏం ఫర్లేదు. పక్కనే ఉంది" అంది ఆవిడ. గుండె బరువు కాస్త దిగింది.

అప్పుడొచ్చింది మాజిదా. చేతిలో ఖుబానీ కా మీఠా గిన్నె. ఆవిడ కరీంనగర్లో పుట్టి, హైదరాబాదులో మెట్టి, మొగుడు అబ్దుల్ ఖాదిర్ ఉద్యోగం మూలాన సెంబవాంగ్ చేరింది. ఇంట్లో వాళ్ళది ఉర్దూ. కాత్యాయని సెంటరుకి వెళ్ళే ఏళ్ళన్నీ ఉజ్వల బడినించి నేరుగా మాజిదా ఇంటికే వచ్చేది, ఆవిడ కూతురు కహకషాన్‌తో కలిసి తిని, ఆడి, అక్కడే నిద్రపోయేది. కరీంనగర్ తెలుగు మాట్లాడటానికి ఈ దేశంలో మనిషి దొరక్క మొహంవాచిన మాజిదా, తన తెలుగంతా ఆ పిల్ల మీద కుమ్మరించింది. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి ఉల్లిగడ్డ అంటే ఉల్లిపాయ అనీ, అంగి అంటే చొక్కా అనీ కాత్యాయని దిద్దుకుంటూ కూర్చునేది. అదో నవ్వులాటగానే సాగింది ఇన్నేళ్ళూ.

"ఏమైందక్కా, మొకం గట్ల పెట్టినవ్?" అంది మాజిదా.

కాత్యాయని జరిగింది చెప్పింది. "గట్టు మీదికి పొమ్మన్నాను. సరేనంది" అని ముగించింది.

మాజిదా తేలిగ్గా ఊపిరి వదిలి, "మంచిగ చెప్పినవ్. గట్టెక్కితే నీళ్ళు రావు. ఆ కొండ మీద ఇండ్లున్నయా, లేకుంటే ఉట్టి తోటలేనా?" అంది.

"కొండేంటి?"

"నువ్వే గదా అక్కా గట్టన్నవ్?"

కాత్యాయని ఆవిడ మొహంలోకి చూసింది. "గట్టంటే కట్ట మాజిదా. ఏటిగట్టు. నది పక్కన ఉండేది."

"మా దిక్కు గట్టంటే గుట్టనే అక్కా," అంది మాజిదా. అంటూండగానే ఆవిడ గొంతు సన్నబడింది. "ఉజ్జూకు గూడ... నేను గట్లనే జెప్పిన. సెలవులుంటే బుకిట్ బటోక్ గుట్టకాడికి తీస్కపోయి, పాండ్రి, గట్టెక్కుదాం అనేదాన్ని ఇద్దరు పోరలను..."

మీఠా గిన్నె మాజిదా చేతిలోనే ఉండిపోయింది.

కాత్యాయని తనని తాను తిట్టుకున్న తిట్లు రాస్తే బాగుండదు. రోజుకి ఇరవైసార్లు లెవీ, లెవీ అని అరిచే నోరు అది. పైగా లెవీ అన్నది ఆ ఫ్రెంచివాళ్ళ మాటే. ఆ కట్ట మీది వీధి పేరే లెవీ వీధి, బోర్డు మీద అక్షరాల రాసి ఉంటుంది. ఆ ఒక్కమాట అని ఉంటే పిల్ల కళ్ళుమూసుకుని చేరేది. ప్రాణాలమీదికి వచ్చేసరికి నోట్లోంచి లంక మాట ఊడిపడింది. సింగపూర్లో పుట్టిన పిల్లకి ఏటిగట్టు ఎక్కడ తగలడింది? ఇక్కడివన్నీ సిమెంటు కాలవలు. అది కళ్ళతో చూసిన గట్టల్లా మాజిదా చూపించిన గుట్టే.

ఫోన్ తీసి చేసింది. మోగలేదు. లెవీ, కొండ కాదు, నదివైపు, అని మెసేజ్ పెట్టింది. ఒకే టిక్కు పడింది. హ్వీ మిన్ నంబరుకి చేసింది, అదీ అంతే. సుధాకరరావు పారిస్‌లోని ఎంబసీ అత్యవసర నంబరు పట్టుకుని ఊరి పేరు ఒక్కో అక్షరమే చెబుతున్నాడు. ఆయన గొంతు ఎప్పటిలా బ్యాంకు గొంతే, కానీ చెబుతున్న అక్షరాలే మళ్ళీ మళ్ళీ తప్పుతున్నాయి.

"అక్కా, పోరి తెలివిగలది. రోడ్డు మీద నీళ్ళుంటే ఆగదా..." అని మాజిదా ఏదో అనబోయింది.

"నువ్వు మాట్లాడకు" అంది కాత్యాయని. అంతటితో ఊరుకుంటే బాగుండేది. భయం కోపంగా మారితే దానికి ముందూవెనకా కనబడదు. "నా పిల్లకి నా మాట లేకుండా చేశావు. ఎన్నిసార్లు దిద్దుకున్నానో నాకు తెలుసు. కన్నది నేను, నేను అరిచి చెబితే దానికి నీ మాట వినబడింది. అది ఆ నీళ్ళలోకి పోయిందంటే నీ మాట పట్టుకునే పోయింది!"

"కాత్యా!" అన్నాడు సుధాకరరావు, చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంచుకుని.

మాజిదా గిన్నె టేబుల్ మీద పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాడు సుధాకరరావు. వెళ్ళలేదు. తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చుని, దుపట్టా తలమీదికి లాక్కుని, పెదాలు కదుపుతూ దువా చదువుకోసాగింది. కాత్యాయని ఆవిడ వైపు చూడలేదు. చూస్తే ఏమంటుందో తనకే తెలియదు.

ఎంబసీ వాళ్ళు కనుక్కుని చెబుతామన్నారు. ఏటి మట్టం చూపించే సైటులో గీత పైకి పాకుతూనే ఉంది. కాత్యాయని వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో తెలియక వెనక్కి వచ్చింది. పక్కింటి పిల్లలు వరండాలో నవ్వుతూ పరుగులు తీస్తున్నారు. వాళ్ళ నవ్వు కూడా భరించలేక కిటికీ మూసేసింది.

సుధాకరరావు ఏదో వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయాడు. ఫోన్ గబుక్కున బోర్లించబోయాడు. కాత్యాయని లాక్కుంది. ఆ ఊరివాళ్ళెవరో కట్ట మీదినించి తీసి పెట్టిన వీడియో అది. తెల్లవారిన వెలుతురులో బీడంతా బురదరంగు నీళ్ళు. బీడు దారి ఎక్కడుందో వరసగా నిలబడ్డ చెట్లని బట్టి పోల్చుకోవాలి. ఆ చెట్ల మధ్య ఒక చిన్న కారు, అద్దాలదాకా మునిగి, పక్కకి ఒరిగి ఉంది. తెల్లకారు. హ్వీ మిన్ కొనుక్కున్న పాతకారు కూడా తెల్లదే. దాని ముందు నిలబడి ఇద్దరూ తీయించుకున్న ఫొటో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

"ఫ్రాన్సులో తెల్లకార్లు లేనిదెక్కడే..." అన్నాడు సుధాకరరావు. మాట పూర్తికాలేదు.

కాత్యాయని ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసింది. కారు తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా? తెలియడం లేదు. పెద్దది చేసి చూస్తే అంతా మసక. మూసి ఉంటే లోపల ఉన్నట్టు. తెరిచి ఉంటే? దిగి ఎటు వెళ్ళినట్టు? చుట్టూ నీళ్ళే కదా. ఆవిడకి ఏడుపు రాలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు, ముందు ముప్ఫైమూడు, ఫ్రాన్సు కోడు. ఎంబసీ వాళ్ళే అనుకుంది. ఎత్తడానికి ధైర్యం చాలక టేబుల్ మీద పెట్టి స్పీకరు నొక్కింది.

"మా? నేనే. ఇది బేకరీ ఆంటీ ఫోన్. నాది డెడ్."

సుధాకరరావు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కాత్యాయని ఫోన్ మీదికి వంగింది.

"ఎక్కడున్నావే?"

"చర్చి దగ్గర, గట్టు మీద. హ్వీ మిన్ కూడా ఉంది. తడిసిపోయాం అంతే, ఏం కాలేదు. కారు పోయింది మా. పాపం, దానిదే."

"కారు చూశాను. ఆ దారిలో... అటు వెళ్ళారా మీరు?"

"వెళ్ళాం. నేను నీకు కాల్ చేసేసరికే హ్వీ మిన్ అటు తిప్పేసింది. నువ్వు గట్టు అన్నావు, ఎదురుగా కొండ కనబడుతోంది. సరే, అదే కదా, కరెక్టుగానే పోతున్నాం అనుకున్నా. కొంచెం దూరం పోయాక నాకు డౌటొచ్చింది. స్టాప్, స్టాప్ అన్నా. అప్పటికే టైర్లు కనబడటం లేదు, తిప్పడానికి ప్లేస్ లేదు. కారు వదిలేసి నీళ్ళలో నడుచుకుంటూ వెనక్కొచ్చేశాం. నడుందాకా వచ్చాయి మా. హ్వీ మిన్ నన్ను తిడుతూనే ఉంది, అందరూ రివర్ నించి పారిపోతారు, నువ్వు రివర్ వైపు లాగుతావేంటని."

"డౌటెందుకొచ్చింది?" అంది కాత్యాయని. ఆ ప్రశ్న వేయకపోతే ఇక ఊపిరాడదనిపించింది ఆవిడకి.

"ఎందుకేంటి?" ఉజ్వలకి ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టుంది. "మాట్లాడుతున్నది నువ్వు కదా. మాజిదా ఆంటీ చెప్తే గట్టంటే కొండ. నువ్వు చెప్తే నీళ్ళ పక్కన ఉండేది, నువ్వు చిన్నప్పుడు ఆవులతో పాటు కూర్చున్నావు కదా, అది. ఎవరు చెప్తున్నారో చూసుకోవాలి అంతే. చిన్నప్పట్నించీ నాకంతే కదా మా. ఇంట్లో ఉల్లిపాయ, అక్కడ ఉల్లిగడ్డ. ఆంటీ అయ్యుంటే కొండెక్కేసేదాన్నే."

కాత్యాయని తలెత్తి తలుపువైపు చూసింది. స్టూలు మీద మాజిదా దుపట్టాలో మొహం దాచుకుని ఉంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. పిల్ల తెలుగు చెడిపోయిందని ఇన్నేళ్ళూ దిద్దుకున్న తల్లికి, ఆ పిల్ల దగ్గర రెండు తెలుగులూ చెక్కుచెదరకుండా, వేటికవి విడివిడిగా ఉన్నాయని ఇవాళే తెలిసింది. ఇందాక తన నోటినించి వచ్చిన మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. లేచి వెళ్ళి మాజిదా ఎదురుగా నేలమీద కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు మాట అన్నాను" అని మాత్రం అనగలిగింది.

"పోనీ తియ్యక్కా," అంది మాజిదా. "పోరి దొరికింది. ఇంకేం గావాలె?"

"మా, హలో? ఉన్నావా?" ఫోన్లోంచి ఉజ్వల గొంతు. "ఎవరో ఏడుస్తున్నారు. నువ్వా, ఆంటీయా?"

"ఇద్దరం" అంది కాత్యాయని.